సూదమ్మ అట్ట మీద ఆరు చిల్లులు

ముందే చెప్పేస్తున్నాను. ఆ రోజు చార్టు మూలన అంకె రాసింది నేను. తప్పు మా అక్కది కాదు. ఈ ఒక్క ముక్క నోట్లోంచి బయటికి రావడానికి నాకు రెండేళ్ల రెండు నెలలు పట్టింది. ఇప్పుడు అడిగినవాళ్లకీ చెప్తున్నాను, అడగనివాళ్లకీ చెప్తున్నాను. విసుక్కునేవాళ్లు విసుక్కోనీ.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. బావగారు పోయి పన్నెండేళ్లయింది. ఆవిడది కింది వాటా, మాది పై వాటా. తోడికోడళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఇరవై ఏళ్లు ఉన్నారంటేనే జనం నమ్మరు. మాది ఒకే ఇల్లే కాదు, ఒకే ఆఫీసు, ఒకే బల్ల కూడాను. పొద్దున్నే నీళ్ల మోటారు ఎవరు ఆపలేదని తగువు పెట్టుకుని, పదింటికల్లా పక్కపక్కన కూర్చుని సముద్రం దిద్దేవాళ్లం.

దిద్దడమంటే ఏమిటో చెప్పాలి. నేలకి ఉన్నట్టే సముద్రానికీ పటాలుంటాయి. వాటినే చార్టులంటాం. ఎక్కడ ఎంత లోతు, ఎక్కడ రాయి, ఏ లైట్‌హౌస్ ఎన్ని సెకన్లకోసారి వెలుగుతుంది, అన్నీ వాటి మీద ఉంటాయి. కానీ సముద్రం అచ్చేసినట్టు కూర్చోదు కదా. అందుకని ప్రతి శుక్రవారం ఒక చిన్న పుస్తకం వస్తుంది. ఫలానా దీపం రెండుసార్లకి బదులు మూడుసార్లు వెలుగుతుంది, ఫలానా బోయాని తూర్పుకి జరిపారు, ఫలానా చోట కొత్తగా రాయి బయటపడింది అని వరసగా నంబర్లేసి ఉంటుంది. బోయా అంటే నీళ్లలో గొలుసుకి కట్టి తేలేసి ఉంచే పెద్ద డబ్బా, ఓడలకి అదే దారి గుర్తు. ఆ మార్పులన్నీ ఒక్కో చార్టు మీదా చేత్తో ఎక్కించడం మా పని. ఇప్పుడు పెద్ద ఓడలకి తెరల మీద వచ్చేస్తున్నాయి గానీ, చిన్న ఓడలు ఇంకా మా కాగితాల్నే నమ్ముకుని తిరుగుతున్నాయి.

మా ఆఫీసు తాళ్ల దుకాణం మీద రెండో అంతస్తు. కొబ్బరి తాడు వాసన మెట్లెక్కి మాతోపాటే లోపలికొచ్చేది. గోడ పొడుగునా ఇనప సొరుగులు, నలభై రెండు. కిటికీ పక్కన పదడుగుల బల్ల. చార్టు చుట్టుకుపోకుండా నాలుగు మూలలా పెట్టడానికి గుడ్డ తొడిగిన సీసపు దిమ్మలు. ఊదా రంగు సిరా, సన్నపాళీ కలాలు, భూతద్దం. ఇవిగాక అక్క సూది.

ఆ సూది వల్లే రేవంతా ఆవిణ్ణి సూదమ్మ అనేది. చేతిలో ఒకటి, నోట్లో ఒకటి అనేవాళ్లు. ముఖాన అనేంత ధైర్యం ఏ కెప్టెన్‌కీ లేదనుకోండి. ఒకసారి ఒక పెద్ద ఓడ కెప్టెన్ మూడేళ్లుగా దిద్దించని చార్టుల కట్ట పట్టుకొచ్చి, "కాస్త తొందరగా చూడండమ్మా" అన్నాడు. అక్క కళ్లద్దాల పైనుంచి ఆయన్ని చూసి, "మూడేళ్లు గుడ్డిగా తిరిగారు, ఇంకో మూడు రోజులు తిరగలేరా?" అంది. ఆయన పోయి బెంచీ మీద కూర్చున్నాడు.

మా ఆయనకి మాత్రం చనువెక్కువ. "మా వదిన సముద్రానికి మాసికలేసే టైలరమ్మ" అనేవాడు.

ఆవిడ నాన్నగారు లైట్‌హౌస్‌లో కాపలా పని చేశారు. చిన్నప్పుడు అక్క అంకెలు నేర్చుకున్నదే దీపం వెలుగుల్ని లెక్కపెట్టి. ఉద్యోగంలో చేరిన పదేళ్లకి ఒక శుక్రవారం పుస్తకంలో ఆ దీపమే వచ్చింది, శాశ్వతంగా ఆపేశాం అని. నేనప్పటికి కొత్తగా పెళ్లయి వచ్చి, అక్క దగ్గర పని నేర్చుకుంటున్నాను. అక్క స్కేలు పెట్టి ఆ దీపం గుర్తు మీద ఊదా గీత కొట్టింది. పదకొండు చార్టులు, పదకొండు గీతలు, ఒక్కటీ వంకర పోలేదు. అన్నీ అయ్యాక, "మా నాన్న గది కిటికీ సరిగ్గా ఈ చుక్క కిందే ఉండేది" అని చూపించి, పాళీ కడుక్కోడానికి వెళ్లింది.

గీత అన్నాను కదా, మా పనిలో చెరపడం ఉండదు. రబ్బరు పెట్టకూడదు, బ్లేడుతో గీకకూడదు. పాతదాని మీద ఒక్క గీత కొట్టి పక్కన కొత్తది రాయాలి. పాతది కింద కనపడుతూనే ఉండాలి. మొదటి నెలలోనే ఈ పాఠం నాకు మొట్టికాయతో సహా చెప్పింది.

రెండో పాఠం ఇంకా గట్టిది. పుస్తకంలో ప్రతి మార్పుకీ నంబరుంటుందన్నానుగా. మార్పు ఎక్కించాక, ఆ నంబరుని చార్టు కింద ఎడమ మూలన బియ్యపుగింజంత అక్షరాలతో రాయాలి. ఓడవాళ్లు మొదట చూసేది ఆ మూలే. అక్కడ అంకె ఉందా, చార్టు సరిగా ఉన్నట్టే. లోపల వెతికే ఓపిక ఎవరికుంటుంది? అందుకని అక్క, "ముందు సముద్రం, తర్వాత మూల" అనేది. రోజుకి పదిసార్లు అనేది. నాకు నిద్రలో కూడా వినపడేది.

పని ఇలా సాగేది. మార్పు ఉన్న చోటికి సరిపోయేలా ఒక పల్చటి కాగితం పరిచి, సరిగ్గా ఆ చోట అక్క సూదితో పొడిచేది. ఆ చిల్లు మీద ఊదా సిరాతో గుర్తు వేసేది. వేశాక చార్టుని నా వైపు జరిపేది. నేను మూలన అంకె రాసేదాన్ని. ఆవిడకి చత్వారం వచ్చాక ఆ చిన్నంకెలు నాకు అప్పగించింది. జరిపితేనే రాయాలి, జరపకముందు కలం ముట్టకూడదు. ఇంకో అలవాటు కూడా ఉండేది, అది ఆవిడ సొంతం. ఒక్కో మార్పు మొదలుపెట్టేముందు, మొదటి గుర్తు పడే చోట చార్టు కింద కొత్త అట్టముక్క పెట్టేది. సూది చార్టులోంచి దిగి ఆ అట్టకి కూడా చిల్లు పడేది. అంతా అయ్యాక అట్టని కిటికీకి ఎత్తిపట్టుకుని చిల్లులు లెక్కపెట్టేది. ఏడు చార్టులైతే ఏడు చిల్లులుండాలి. "ఎన్నేళ్లు చూసినా అన్నీ సరిగ్గానే ఉంటాయిగా అక్కా, ఈ చాదస్తం దేనికి?" అనేదాన్ని. "ఉండని రోజు కోసమే" అనేది.

ఇక ఆ శుక్రవారం సంగతి.

మా ఆయన సరంగు. దీవులకి సిమెంటు మోసే చిన్న ఓడ నడుపుతాడు. ఆ ఓడ నెలన్నరపాటు మరమ్మతులో ఉంది. ఈయన ఇంట్లో కూర్చుని, బాగున్న కుళాయిలు విప్పి, బాగులేకుండా బిగించి నా ప్రాణం తోడేశాడు. ఆ నెలన్నరలోనే రాళ్లు మోసే బార్జి ఒకటి, దీవికీ గట్టుకీ మధ్య ఉన్న ఇరుకులో మునిగిపోయింది. పోటు మీద పైన రెండు నిలువుల నీళ్లుంటాయి, పాటు మీదైతే, అంటే నీళ్లు తీసినప్పుడు, దాని స్తంభం కొస నీళ్లకి రెండు మూరల కిందే ఉంటుంది. దాన్ని తప్పించుకోవడానికి అక్కడి ఆకుపచ్చ బోయాని తూర్పుకి జరిపారు. మునిగిన కొత్తలో రేడియోలో రోజూ చెప్పారు. ఇలాంటిది పుస్తకంలోకి ఎక్కాక రేడియోలో చెప్పడం ఆపేస్తారు. ఇక చెప్పాల్సింది చార్టే. మా ఆయన ఆ రేడియో వినలేదు, ఓడెక్కితే కదా!

ఆ శుక్రవారం పుస్తకంలో బార్జి వచ్చింది. మా దగ్గర ఆ ఇరుకు చార్టులు ఏడు. నాలుగు మా సొరుగువి, మూడు ఓడలవి. అందులో ఒకటి మా ఆయనది. పదకొండింటికి ఓడ బయల్దేరాలి. పదిన్నరకే వచ్చి కౌంటర్ దగ్గర నిలబడి, "వదినా, టైలరమ్మగారూ, నా చొక్కా అయిందా?" అని మొదలెట్టాడు. అక్కకి ఫోన్ల మీద ఫోన్లు. ఆవిడ ఫోను దగ్గరికెళ్లిన ప్రతిసారీ ఈయన నన్ను తొందరపెట్టడం. నాకు తిక్కరేగింది. ఎలాగూ రాయాల్సిందే కదా అని, ఏడు చార్టుల మూలల్లోనూ ముందే అంకె రాసేసి కూర్చున్నాను. అక్క ఒక్కోటీ జరిపితే రాసినట్టు నటించి పక్కన పెట్టేస్తే సరి, పావుగంట కలిసొస్తుంది. మూలల మీద సీసపు దిమ్మలుంటాయి కాబట్టి ఆవిడ కంటపడదు. పడితే చెంప పగిలేది. పడినా బాగుండేది.

అక్క మూడు పూర్తిచేసింది. మళ్లీ ఫోను మోగింది. వెళ్లింది. "ఇక నావల్ల కాదు, పాటు మొదలైతే రేవులోంచి బయటపడలేను" అన్నాడు మా ఆయన. నేను ఆయన ఓడ చీటీ ఉన్న చార్టు తీశాను. మూల చూశాను. అంకె ఉంది. చుట్టి చేతికిచ్చాను.

అర్థమైందా? ఆ అంకె నేను రాసిందే. నేను రాసిన దాన్ని చూసి నేనే మోసపోయాను. బల్ల మీద నా వైపునుంచి తీశానా, అక్క వైపునుంచి తీశానా అని కూడా చూడలేదు. "ఇరుకులో బార్జి మునిగిందట, చూసుకోండి" అని నోటితో ఒక్క మాట చెప్పినా సరిపోయేది. చార్టులో ఉందిగా అనుకున్నాను. ఆయన వెళ్తూ వెళ్తూ, "నేనొచ్చేదాకా కుళాయి జోలికెళ్లకు, వచ్చి చూస్తా" అన్నాడు. "మీరే వెళ్లకండి మహాప్రభో" అన్నాను.

అక్క తిరిగొచ్చి మిగిలిన మూడూ చేసింది. తర్వాత వేరే మార్పులు, వేరే చార్టులు. మధ్యాహ్నం మూడింటికి బల్ల సర్దుతూ, పొద్దుటి అట్ట తీసి కిటికీకి ఎత్తిపట్టింది. పెదాలు కదిలాయి. మళ్లీ లెక్కపెట్టింది. భూతద్దం తెచ్చి మూడోసారి లెక్కపెట్టింది.

"ఆరే ఉన్నాయే" అంది.

సొరుగులోవి నాలుగూ లాగి పరిచాం. నాలుగింటిలోనూ బార్జి గుర్తుంది. రెండో ఓడ చార్టు ఇంకా కౌంటర్ మీదే ఉంది, దాన్లో ఉంది. మూడో ఓడ రేవులోనే కట్టి ఉంది, ఫోన్ చేస్తే వాళ్లు చూసి ఉందన్నారు. ఇక మిగిలింది ఒక్కటే.

"మరిదిది" అంది అక్క. గడియారం చూసింది. ఆ ఓడ ఇరుకు చేరేది నాలుగింటికి. పూర్తి పాటు కూడా నాలుగింటికే.

మా ఆయన సెల్‌ఫోను రేవు దాటితే అందదు. రేవు చివర సిగ్నల్ టవర్ ఉంది, అక్కడినుంచే రేడియోలో పిలవాలి. టవర్‌కి ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్లీ చేస్తే మళ్లీ ఎంగేజ్. ఫోను నా చేతిలోనే ఉంది, అక్క మెట్లు దిగిపోతోంది. యాభై ఏడేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, మామూలు రోజుల్లో రెండంతస్తులకి ఆరుసార్లు ఆగుతుంది. నేను వెనకాల పరిగెత్తాను. కిలోమీటరు దూరం. లారీలు, తాళ్లు, ఎండ. "తప్పుకోండి" అని ఆవిడ అరుస్తుంటే, సూదమ్మ పరిగెత్తడం ఎన్నడూ చూడని హమాలీలు మూటలు దించి నిలబడిపోయారు. టవర్ కిందకి చేరేసరికి ఆవిడే నాకంటే ముందుంది.

ఆపరేటర్ మూడుసార్లు పిలిచాడు. పలకలేదు. నాలుగో పిలుపుకి మా ఆయన గొంతు వచ్చింది, తాపీగా.

"వింటున్నా చెప్పండి. నేనే పిలుద్దామనుకుంటున్నా. ఇక్కడ మీ ఆకుపచ్చ బోయా గొలుసు తెగినట్టుంది, చాలా పక్కకి కొట్టుకుపోయింది. నేను చార్టు పట్టుకుని పోతున్నాలెండి."

అక్క మైకు లాక్కుంది. "బోయా ఎక్కడికీ పోలేదు నాయనా! తప్పు నీ చార్టుది. ఇంజను ఆపు. లంగరెయ్యి."

"వదినా? మీరా?"

"ఆపమన్నానా!"

గొరగొర తప్ప ఏమీ వినిపించలేదు కాసేపు. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు. తర్వాత, "వేశాను" అన్నాడు. ఇంకో పది నిమిషాలకి గొంతు మారిపోయి వచ్చింది. "ముందు నీళ్లలో ఏదో నల్లగా కనపడుతోంది. ఓడకి నలభై మీటర్లు కూడా లేదు. వదినా, ఎవరి పనిది?"

"ముందు క్షేమంగా రా. తర్వాత మాట్లాడుకుందాం" అంది అక్క.

టవర్ మెట్ల మీద ఇద్దరం కూలబడ్డాం. జుట్టు ముడి ఊడిపోయింది ఆవిడకి, కాలి చెప్పు ఒకటి ఎక్కడో దారిలో పోయింది. ఆ అట్టముక్క ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని చూస్తూ అడిగింది.

"నేను నీకు ఏడూ జరిపానటే?"

అడిగింది ఆరోపణ కాదు. నిజంగానే తెలియక అడిగింది. రోజుకి వంద జరిపే చేతికి ఏది గుర్తుంటుంది? అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఓడ గట్టెక్కింది, మనిషి బతికాడు, మహా అయితే రెండు తిట్లు. కానీ నా చెవుల్లో మా ఆయన గొంతే గింగురుమంటోంది, ఎవరి పనిది అని. కట్టుకున్నదే రాసి చేతికిచ్చిందని ఆయనకి తెలియడం నాకు భరించరానిదిగా అనిపించింది.

"జరిపావక్కా. నువ్వు జరిపాకే రాశాను" అన్నాను.

ఆవిడ తలూపింది. నా మాట నమ్మేసింది. తనని అనుమానించింది గానీ నన్ను అనుమానించలేదు.

మర్నాడు పెద్దాఫీసరు పిలిచాడు. అక్క, "నా బల్ల, నా తప్పు. చూడకుండా జరిపేశాను" అంది. ఆయన నా వైపు తిరిగాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి, మెట్ల మీద చెప్పిందే మళ్లీ చెప్పాను. తప్పుల రిజిస్టరులో ఆవిడ పేరు ఎక్కించి, సంతకం తీసుకుని, "ముప్పై ఏళ్లలో ఒక్కటమ్మా, మనసులో పెట్టుకోకండి" అన్నాడు. "దీనికి ఒక్కటి చాలు సార్. చెయ్యి జరిపింది, కన్ను చూడలేదు. మళ్లీ ఎప్పుడు జరుపుతుందో నాకు తెలియదు" అని, ఇంకా ఏడాదిన్నర ఉద్యోగం ఉండగానే కలం కింద పెట్టేసింది. నేను బతిమాలాను. అవును, సిగ్గులేకుండా బతిమాలాను కూడా. ఆవిడ సూది నా చేతిలో పెట్టి ఇంటికెళ్లిపోయింది.

ఆ తర్వాత జరిగింది రోజూ నా కళ్లముందే జరిగింది. కింది వాటా కదా. తలుపు తాళం వేసి మూడుసార్లు లాగేది, వీధి మలుపుదాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగేది. ఆ చప్పుడు పైకి వినపడేది. గ్యాస్ కట్టేశానా అని స్నానం మధ్యలో బయటికొచ్చేది. రోడ్డు ఒంటరిగా దాటడం మానేసింది. మతిమరుపు రోగమేమోనని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని నన్నే అడిగింది. తీసుకెళ్లాను. ఆయన బొమ్మలు చూపించి, అంకెలు వెనకనుంచి చెప్పించి, "మీకే రోగమూ లేదు, నాకంటే మీ బుర్రే బాగుంది" అన్నాడు. బయటికొచ్చాక, "ఆయనకేం తెలుసు, ఆరు చిల్లులు ఆయన చూశాడా?" అంది. నోట్లో నాలుగు పళ్లు లేనివాణ్ణి కూడా నవ్వించే మనిషి, జోకులెయ్యడం మానేసింది. మా ఆయన కింద కూర్చుని, "వదినా, నన్ను బతికించింది మీ అట్టేగా" అని ఎంత చెప్పినా వినేది కాదు. "ముంచబోయిందీ నేనేగా" అనేది. నేను అక్కడే గిన్నెలు సర్దుతూ ఉండేదాన్ని.

ఎందుకు చెప్పలేదంటారా? మొదటి వారం భయం. నెల తిరిగేసరికి, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారన్న భయం. ఏడాదికి అది అలవాటు. అంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం అక్క నన్ను కిందికి పిలిచింది. బల్ల మీద కొత్త నోట్‌బుక్కు ఉంది. తెరిచి చూపించింది. స్కేలుతో గీతలు కొట్టి, తన చక్కటి రాతతో రాసి ఉంది. తొమ్మిదీ పది, తాళం వేశాను. తొమ్మిదీ నలభై, పాలు కాచాను, గ్యాస్ కట్టేశాను. పదీ ఐదు, మాత్ర వేసుకున్నాను. ప్రతి వరస చివరా చిన్నంకె.

"ముందు పని, తర్వాత అంకె. ఇలాగైతే కాస్త పట్టు దొరుకుతోంది" అంది. "కానీ అంకె కూడా నేనే వేస్తున్నానాయె. నన్ను నేను ఎలా నమ్మను? రోజూ సాయంత్రం నువ్వొచ్చి, అన్నీ చూసి, కింద ఒక సంతకం పెట్టు. నువ్వు పెడితే నాకు ధైర్యం."

కలం మూత తీసి నా చేతికిచ్చింది.

కలం పట్టుకున్నాను. పాళీ కాగితానికి ఆనించాను. ఊహూఁ, రాలేదు. చెయ్యి ఊరికే కదల్లేదంతే.

"అక్కా, నువ్వు ఆరే జరిపావు" అన్నాను.

"ఏమిటీ?"

"ఆ రోజు. నువ్వు ఆరే జరిపావు. ఏడోది నువ్వు ముట్టనే లేదు. నువ్వు ఫోన్లో ఉండగా ఏడింటికీ మూలలు ముందే రాసేశాను. మూల చూసి ఆయనకిచ్చేశాను. మెట్ల మీద నీకు అబద్ధం చెప్పాను."

అక్క నోట్‌బుక్కు కేసి చూస్తోంది. వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది.

"ఆరు జరిపాను. ఆరు చిల్లులు" అంది.

"ఆరే అక్కా."

"నేను పొడవందే జరపలేదు."

"జరపలేదు."

"అయితే నా మతి సరిగానే ఉందన్నమాట."

"ఉందక్కా. ఎప్పుడూ ఉంది."

అప్పుడు చూడాలి ఆవిణ్ణి. నోట్‌బుక్కు తీసి నా ముఖాన కొట్టింది. "ఓసి పాపిష్టిదానా! రెండేళ్లే! రోడ్డు దాటాలంటే ఒకరి చెయ్యి పట్టుకున్నానే! పాలు పొంగితే ఏడ్చానే! నీ పక్కన కూర్చునే కదే డాక్టరుకి బొమ్మల పేర్లు చెప్పాను, చిన్నపిల్లలా! చూస్తూ కూర్చున్నావే!" అని తిట్టింది. ఆవిడ నోట ఎన్నడూ వినని తిట్లు తిట్టింది. మధ్యలో నవ్వు, మధ్యలో ఏడుపు, ఏది ఏదో తెలియలేదు. నేను కాళ్లు పట్టుకోబోతే కాళ్లు వెనక్కి తీసుకుంది. "క్షమించమని అడక్కు. ఇవాళ నావల్ల కాదు. పైకి పో" అంది.

పైకెళ్లి మా ఆయనకి చెప్పాను. ఆయన పళ్లెం పక్కకి నెట్టి, "రాయడం తొందరలో జరిగింది, నేనే తొందరపెట్టాను. అది సరే. ఆ తర్వాతదే నాకు మింగుడుపడటంలేదు" అన్నాడు. పది రోజులు నాతో మాట్లాడలేదు. కుళాయి కారుతున్నా ముట్టుకోలేదు.

అక్క మాత్రం మూడో రోజే మెట్ల కిందనుంచి కేకేసింది. "శుక్రవారం ఆఫీసుకొస్తున్నా. రిజిస్టరు తీసి ఉంచు."

వచ్చింది. రెండంతస్తులూ ఎక్కి, ఆరుసార్లు ఆగి, వచ్చి తన పాత కుర్చీలో కూర్చుంది. పెద్దాఫీసరుకి అప్పటికే అంతా చెప్పాను. ఆయన నాకు మెమో ఇచ్చి, అంకెల పని తీసేసి కౌంటర్‌కి మార్చాడు. ఇవ్వాల్సిందే. రిజిస్టరు తెరిచి అక్క ముందు పెట్టాడు. రెండేళ్ల కిందటి పేజీ. కారణం: దిద్దుబాటు అధికారి అజాగ్రత్త. కింద ఆవిడ సంతకం.

"ఈ కాగితం మార్పించేస్తానమ్మా, కొత్తది అతికిస్తాం" అన్నాడాయన పాపం.

"అవసరంలేదు. ఇక్కడ చెరపడం లేదు. నువ్వు రా" అని నన్ను పిలిచింది.

స్కేలు పెట్టి ఆవిడ పేరు మీద ఊదా సిరాతో ఒక గీత కొట్టాను. పక్కన నా పేరు రాశాను. అంకె మార్పుకంటే ముందే వేశాను, అడిగితే అబద్ధం చెప్పాను అని రెండూ రాశాను. ఆఫీసంతా చుట్టూ నిలబడి చూస్తోంది. అక్క భూతద్దం తీసి గీత కింద తన పేరు చదవగలుగుతున్నానో లేదో చూసుకుంది. తర్వాత నా రాత చదివింది.

"తారీఖు వెయ్యలేదు" అంది.

వేశాను.

ఇంటికి ఒకే ఆటోలో వచ్చాం. సాయంత్రం వసారాలో బట్టలు తీస్తుంటే కింద తలుపు చప్పుడైంది. వంగి చూశాను. అక్క సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరింది. తాళం వేసింది. తాళంచెవి సంచిలో పడేసుకుంది. నేను లెక్కపెట్టడానికి సిద్ధంగా ఉన్నాను, ఒకటి, రెండు, మూడు. ఆవిడ ఒక్కసారి కూడా లాగలేదు. మలుపు తిరిగి, అటూ ఇటూ చూసుకుని, ఒక్కతే రోడ్డు దాటి వెళ్లిపోయింది.

చేతిలో బట్టలు అక్కడే పడేసి నేను మెట్లు దిగాను. ఆ తాళాన్ని ఒకసారి లాగి చూశాను. గట్టిగానే పడింది.